వాగు అవతలి కూత బడి

వాగు ఇవతలి చిట్టడవిలో కౌజు పిట్టల పిల్లలకు కూత నేర్పే పంతులమ్మ చుక్కమ్మ. గట్టి మనిషి. ఆవిడకు ఒకటే పట్టింపు, కూత చివర గొంతు పైకి లేవాలి. ఏ పిల్లయినా దించిందో, నెత్తిన ముక్కుతో ఒక్కటిచ్చేది. ఆ పొడుపులు తిని పెరిగిన పిల్లలు ఎంత దూరాన కూసినా చుక్కమ్మ శిష్యులని ఇట్టే తెలిసిపోయేది.

ఈ ఏడు ఎండలకు గడ్డి అంటుకుని అడవి సగం కాలిపోయింది. గుడ్లన్నీ పోయాయి. పిల్లలే లేనప్పుడు పంతులమ్మకు పనేముంది? చుక్కమ్మా, చెల్లెలు గురివీ బూడిద కెలుక్కుంటూ, దొరికిన గింజతో పొద్దు పుచ్చుతున్నారు. అలాంటప్పుడు అవతలి ఒడ్డు నుంచి కబురొచ్చింది. బుచ్చన్న అనే నక్క అక్కడ కూత బడి పెట్టాడట, పంతులమ్మ కావాలట. తిండీ గూడూ బడివాళ్లవేనట.

"నక్క బడి పెట్టడమేంటక్కా?" అంది గురివి.

"పెట్టినవాడు ఎవడైతే మనకేం, చదివేది పిట్ట పిల్లలేగా. అయినా నేనేమన్నా కళ్లు మూసుకుని వెళ్తున్నానా? చూస్తాను, అడుగుతాను, అన్నీ కుదిరితేనే చేరతాను. బాగుంటే గట్టున నిలబడి నిన్ను పిలుస్తా. నా గొంతు వినబడేదాకా ఇక్కణ్ణుంచి కదలకు."

"నీ గొంతు నాకు తెలీదా ఏంటి" అని నవ్వింది గురివి.

వాగులో ఉండే ఓబులు తాబేలు ఈ మాటలు విని తల బయటపెట్టాడు. "అమ్మాయ్, ఆ ఒడ్డుకి వెళ్లిన పంతులమ్మల్ని నేను చూశాను. మానేసి తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా కనబడితే అడిగి వెళ్లు."

"కడుపు నిండుతుంటే ఎందుకు తిరిగొస్తారు తాతా?" అని చుక్కమ్మ రెక్క విదిల్చి ఎగిరింది. బాగా తెలివైనవాళ్లతో ఇదే తంటా. ప్రశ్న పూర్తికాకముందే జవాబు వాళ్ల దగ్గర తయారుగా ఉంటుంది.

అవతల తుమ్మచెట్టు మీద వాలింది గానీ కిందికి దిగలేదు. బుచ్చన్న తోక ముడుచుకుని దూరంగా కూర్చున్నాడు. ఎంత వినయమో.

"చేరకముందే అడగడం మంచి అలవాటండీ పంతులమ్మగారూ. ఏమీ అడగకుండా చేరేవాళ్లంటే నాకే గురి ఉండదు."

చుక్కమ్మ ఒక్కొక్కటే అడిగింది. నాకూ, నేను పిలవగానే వచ్చే మా చెల్లెలు గురివికీ గూడెక్కడ? నక్క మూతి దూరనంత చిక్కటి ముళ్లపొద చూపించాడు. తిండి? పక్కనే చెదల పుట్ట. పిల్లలు?

"అదిగో, ఆ పొద వెనక పాఠంలో ఉన్నారండి."

"పాత పంతులమ్మతో మాట్లాడాలి."

"నేనే చెబుదామనుకున్నాను. కాకపోతే ఆవిడ లేస్తే పిల్లలు చెదిరిపోతారు. ఇక్కణ్ణుంచే పలకరించండి."

చుక్కమ్మ కూసింది. "ఏమ్మా, ఇక్కడెలా ఉంది?"

పొద వెనక నుంచి అచ్చమైన కౌజు గొంతు పలికింది. "చాలా బాగుందక్కా. రా."

మాట తీరు బాగానే ఉంది. చివర మాత్రం గొంతు దిగిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ గొంతు ఎవరిదా అని తొంగి చూసేవాళ్లు. చుక్కమ్మ పంతులమ్మ కదా, తప్పు వినబడగానే దిద్దకుండా ఉండలేకపోయింది.

"చివర దించకూడదమ్మా, ఎత్తాలి. నాలా అను. చాలా బాగుంది, రా."

"చాలా బాగుంది, రా" అంది పొద వెనక గొంతు. ఈసారి చక్కగా పైకి లేచింది. చుక్కమ్మ ఒళ్లు పొంగిపోయింది. ఇక్కడ నా అవసరం ఉంది అనుకుంది.

"ఒక్క ఆచారం ఉందండి" అన్నాడు బుచ్చన్న. "చేరిన రోజున రెక్క ఈకలు బడికి అప్పగించాలి. పాఠం మధ్యలో గురువు ఎగిరిపోతే పిల్లలు బెంగపడతారు కదా. మళ్లీ మొలుస్తాయి లెండి."

"నువ్వూ ఇచ్చావామ్మా?" అని అడిగింది చుక్కమ్మ.

"ఇచ్చానక్కా" అంది గొంతు. తానప్పుడే నేర్పినట్టు, చివర లేపి మరీ అంది.

చుక్కమ్మ కిందికి దిగింది. తన ఈకలు తానే ముక్కుతో పీకి ఇచ్చింది. పాఠం చెప్పడానికి పొద వెనక్కి వెళ్లింది.

అక్కడ పిట్ట పిల్లలు లేరు. నక్క పిల్లలు వరసగా కూర్చుని ఉన్నాయి. ముందున్నది నోరు తెరిచి, "చాలా బాగుందక్కా, రా" అంది. దాని కాళ్ల కింద చుక్కల ఈకలు కుప్పగా పడి ఉన్నాయి. ఒక్క పిట్టవి కావు.

"పాత పంతులమ్మ ఆ చివరి ముక్క నేర్పకుండానే పోయింది. మొండి మనిషి" అన్నాడు బుచ్చన్న. "మీరు చేరకముందే నేర్పారు."

"ఇక నోరు విప్పను" అంది చుక్కమ్మ.

"విప్పకండి. పొద్దుటి నుంచి మీరు మాట్లాడింది మా పిల్లలకు సరిపోతుంది."

పెద్ద పిల్ల గట్టు దగ్గరికి వెళ్లి నక్కి కూర్చుంది. "గురివీ, చాలా బాగుంది, రా" అంది. అచ్చం చుక్కమ్మ గొంతే. ఎక్కడా పొల్లు పోలేదు.

చుక్కమ్మ ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. "గురివీ, రావద్దే." భయంతో వణికి, చివర గొంతు దిగిపోయింది.

ఇవతలి ఒడ్డున గురివి రెండు కూతలూ విన్నది. తల వంచి ఆలోచించింది.

"ఆ రెండోది ఎవరమ్మాయ్?" అన్నాడు ఓబులు.

"ఎవరో కొత్త పిల్ల. మా అక్క పాఠం ఇంకా వంటబట్టలేదు" అంది గురివి మురిసిపోతూ. "మా అక్క గొంతు చివర ఎప్పుడూ దిగదు." అని రెక్కలు విప్పి వాగు దాటింది.

కొత్త చోట చేరేముందు అక్కడ ఉన్నవాళ్లను కాదు, అక్కణ్ణుంచి బయటపడ్డవాళ్లను అడగాలి. బయటపడ్డవాళ్లే లేకపోతే అదే జవాబు.