కొత్తనీటి గెడమ్మ

గోదావరి పాయ నడుమ ఊటలంక అనే చిన్న లంకలో కొత్తనీటి గెడమ్మ తల్లి కొలువై ఉన్నది. పడవ దిగి ముప్పై ఆరు మెట్లు ఎక్కితే గర్భగుడి. విగ్రహం మూడు జానల నల్లరాయి. తల్లికి ఆయుధాలు లేవు. చూపు భక్తుల మీద కాక కిందికి, నీటి వైపు ఉంటుంది. కుడి పిడికిలిలో పడవను నెట్టే వెదురు గెడ ఉంటుంది. అది దేవత చేతికి వచ్చిన వైనమే ఈ క్షేత్ర చరిత్ర.

పూర్వం ఇక్కడ లోవయ్య అనే సరంగు పడవ నడిపేవాడు. వయసు అరవై ఎనిమిది. ఏ మలుపులో సుడి ఉందో, ఎక్కడ లోతో, ఎక్కడ మెరకో చెప్పే గుర్తులు ఆయన తలలో తొంభై ఆరు ఉండేవి. యాభై ఏళ్ల సంపాదన అది. "కళ్లకు గంతలు కట్టండి, అవతలి ఒడ్డు చేర్చకపోతే పేరు మార్చుకుంటాను" అనేవాడు.

ఆయన కోడలు నాగులమ్మ రొయ్యల కోసం రోజూ నడుము లోతు నీళ్లలో తిరిగే మనిషి. ఒక ఏడు వరద తీసిన మర్నాడు ఆమె, "మావయ్యా, పెద్దమలుపు కాడ ఇసుక మేట వేసిందండి, చూసుకు వెళ్లండి" అని హెచ్చరించింది.

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందే! నువ్వు పుట్టకముందు నుంచీ ఏట్లో ఉన్నాను" అని నవ్వి లోవయ్య పడవ తీశాడు.

పెద్దమలుపులో పడవ మేట ఎక్కి, పక్కకు ఒరిగి, రెండుగా పగిలింది. అందులో ఉన్న పదకొండు మంది ఇసుక మీద నిలబడి బతికారు. ఊరి పెద్దలు సమావేశమయ్యారు. "వీళ్లను కాపాడింది నీ నేర్పు కాదు లోవయ్యా, అదృష్టం. నాలుగు బారలు అవతల అయితే అందరూ మునిగేవాళ్లు" అని చెప్పి, అతని గెడ తీసుకుని అప్పన్న అనే పడుచువాడికి ఇచ్చారు. సరంగుకు గెడ పోతే చెయ్యి పోయినట్టే. ఆనాటి నుంచి లోవయ్య తిండి తగ్గించి, ఒడ్డున కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టగా కలలో తడిజుట్టు పిల్ల ఒకతె కనిపించింది. ఎనిమిదేళ్లుంటాయి.

"తాతా, నన్ను ఎరుగుదునంటున్నావట?"

"నువ్వు ఏరువే కదమ్మా, ఎరగకేం?"

"నువ్వెరిగినది మా అమ్మమ్మను. నేను మొన్నటి వరదకు పుట్టాను. నన్ను పలకరించనైనా లేదు."

లోవయ్య ఉలిక్కిపడి లేచాడు. నేరుగా కోడలి దగ్గరకు వెళ్లి, "అమ్మా, నాకు ఏరు నేర్పుతావా?" అని అడిగాడు. నాగులమ్మ ముందు నమ్మలేదు. తరువాత పకపకా నవ్వింది. "తెల్లారి రండి మావయ్యా. తలపాగా మాత్రం ఒడ్డున పెట్టి రండి" అన్నది.

ఆయన ఒక పచ్చి వెదురు నరికి, మూర మూరకూ గంటు పెట్టి, రోజూ ఆమె వెనుక ఏట్లో దిగాడు. ఆమె అరికాలితో కనిపెట్టే దాన్ని ఆయన గెడతో కొలిచాడు. "ముసలోడికి దసరా పండగ వచ్చిందిరోయ్!" అని రేవులో జనం ఎగతాళి చేశారు. ఆయన వినిపించుకోలేదు. పాత తొంభై ఆరు గుర్తుల్లో డెబ్భై ఒకటి చెల్లవని తేలింది. మిగిలిన ఇరవై అయిదింటికి కొత్తవి నూట నలభై చేర్చాడు. తొమ్మిదో నెలలో, తన పడవ పగిలిన మేట దగ్గరే గెడ రాతికి తగిలింది. తవ్వితే తల్లి విగ్రహం బయటపడింది. దాన్ని లంక మెరకకు చేర్చి నిలిపారు. ఖాళీగా ఉన్న పిడికిలిలో లోవయ్య తన గెడ ఉంచితే అది అమరినట్టు నిలిచింది.

ఆషాఢంలో మళ్లీ వరద వచ్చింది. ఊటలంక చుట్టూ నీరు కమ్ముకుంది. లంకలో నూట పన్నెండు మంది. ఉన్నది ఒక్క పడవ. "గుర్తులన్నీ మునిగిపోయాయి, నేను తియ్యలేను" అని అప్పన్న చేతులెత్తేశాడు.

లోవయ్య తల్లి ముందు నిలబడి, "అమ్మా, పొద్దున నీ లోతు చూశాను. మళ్లీ చూడాలి, గెడ అప్పు ఇయ్యి" అని గెడ అందుకుని కోడలికి ఇచ్చాడు. నాగులమ్మ పడవ ముందు భాగంలో నిలబడి గెడ దించుతూ, "మూడు బారలు! రెండున్నర! ఎడమకండీ మావయ్యా, ఎడమకు!" అని కేకలు పెట్టింది. చుక్కాని పట్టిన లోవయ్య ఆమె చెప్పినట్టల్లా తిప్పాడు. పడవకు పద్నాలుగు మంది చొప్పున ఎనిమిది ఖేపులు. ఎనిమిదో ఖేపు ఒడ్డు తగిలేసరికి ఇంకా పొద్దు వాలలేదు. నూట పన్నెండు మందిలో ఒక్కరూ తగ్గలేదు. ఒడ్డంతా ఈలలతో, కేకలతో హోరెత్తింది.

ఊరిపెద్ద పడవను అప్పగించి, సరంగు పదవిని తిరిగి ఇస్తూ, "ఏరంతా నీకు తెలుసు లోవయ్యా!" అన్నాడు.

"ఇందాకటి ఏరు తెలుసు బాబూ. రేపటిది రేపు చూడాలి" అన్నాడు లోవయ్య. తొంభై ఒకటో ఏట కన్నుమూసే ముందు రోజు కూడా ఆయన నీటిలో గెడ దించి చూశాడని పెద్దలు చెబుతారు.

నేటికీ వరద తీసిన తరువాత వచ్చే మొదటి ఆదివారం ఇక్కడ కొత్తనీటి పండుగ జరుగుతుంది. అరవై దాటిన భక్తులు ఆ ఏడు తాము కొత్తగా నేర్చిన ఒక విద్యను తల్లికి చెప్పుకుంటారు. నేర్పినవారు తమకంటే చిన్నవారైతే ముందు వారికి తాంబూలం ఇవ్వాలన్నది నియమం. నిరుడు నాలుగు వందల పన్నెండు మంది చెప్పుకున్నారు. ఒకరు మిషన్ కుట్టు, ఒకరు మృదంగం, ఒకరు ఫోనులో మనవరాలికి ఉత్తరం రాయడం. ఇలా మొక్కినవారికి ఒంట్లో సత్తువ తగ్గినా మనసులో చురుకు తగ్గదని భక్తుల విశ్వాసం.

ఆనాడు వచ్చినవారిలో పెద్దవారు తల్లి చేతి గెడతో మొదట నీటి లోతు చూడాలి. ఈ ఏడు ఆ వంతు ఎనభై మూడేళ్ల సూరాయమ్మ గారిది. ఆమె నిరుడు చదవడం నేర్చారు. "వచ్చే ఏటికి ఏం నేరుస్తావు బామ్మా?" అని పూజారి అడిగితే, "ఈత నాయనా" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆమె కొంగు నడుముకు బిగించి, గెడ నీటిలో దించి, గంటు చూసి, "మూరన్నర" అని పైకి చెప్పి, నీటిలో దిగడానికి ఆఖరి మెట్టు మీద నుంచి కుడికాలు ఎత్తారు.