బూరుగు రెండో భోజనం

నరహరి అవధానిగారు కొత్త పాఠానికి ఎప్పుడూ తొందరపడేవారు కాదు. నిన్న చెప్పినదాన్నే ఈరోజు వల్లె వేయించేవారు, రేపు మళ్ళీ అదే. శిష్యుల్లో శితికంఠం చురుకైనవాడు. ఒక్కసారి వింటే చాలు, గడగడా అప్పజెప్పేవాడు. వాడికి విసుగెత్తి ఒకనాడు అడిగేశాడు.

"గురువుగారూ, ఒకసారి మింగిన ముద్దనే మళ్ళీ నమలమంటే ఎలాగండీ?"

అవధానిగారు ఆ రోజుకు పాఠం చాలించారు. ఆ మధ్యాహ్నమే పొరుగూళ్ళో నెల్లాళ్ళ పారాయణానికి బయలుదేరుతూ, "నేను వచ్చేదాకా బూరుగుని నువ్వు చూసుకో నాయనా. అమ్మగారు మోకాళ్ళ నొప్పితో వంగలేకపోతున్నారు," అని మాత్రం అన్నారు.

బూరుగంటే ఆ ఇంటి తెల్ల కుందేలు. అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచుకున్నారు అవధానిగారి భార్య బాలాంబగారు. ఆవిడకు అదంటే ప్రాణం.

కుందేలును పెంచడం పెద్ద విద్యేమీ కాదు, కాకపోతే ఏ రోజు పని ఆ రోజు జరగాలి. గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దాని పళ్ళు మన గోళ్ళలాగే పెరుగుతూ ఉంటాయి కనుక, కొరికి అరగదీసుకోవడానికి ఒక జామ కొమ్మ పడెయ్యాలి. నీళ్ళు మార్చాలి, గూడు ఊడవాలి, చెవులు పట్టుకుని ఎత్తకూడదు. శితికంఠం ఇవన్నీ పొరపాటు లేకుండా చేశాడు. అంతవరకూ వాడికి నూటికి నూరు మార్కులూ వేయవచ్చు.

అయితే ఒక తెల్లవారుజామున గూడు ఊడవబోయి ఘోరం చూశాడు. బూరుగు ఒళ్ళు ముడుచుకుని, మూతిని తోక కిందికి పోనిచ్చి, తన పెంటికల్ని తానే తింటోంది! శితికంఠం నిప్పులు కడిగే వంశంలో పుట్టినవాడాయె. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మర్నాడూ అదే దృశ్యం. ఇక ఊరుకోలేక గట్టి అట్టను గుండ్రంగా కత్తిరించి దాని మెడకు పళ్ళెంలా తొడిగాడు. దాంతో మూతి తోక దాకా వెళ్ళడం మానింది.

బాలాంబగారు చూసి నవ్వారు. "ఏమిటోయ్ ఆ కంటె? దీనికేమైనా సంబంధం కుదిరిందా?"

"పాడు తిండి మరిగిందండీ అమ్మగారూ. మాన్పిస్తున్నాను."

"ఏం తిండి?"

శితికంఠం చీపురు అందుకున్నాడు. "పొద్దున్నే చెప్పుకునేది కాదు లెండి," అని తప్పించుకున్నాడు.

వారాలు గడిచాయి. ఎంత గడ్డి వేసినా బూరుగు చిక్కిపోయింది. బొచ్చు మెరుపు తగ్గింది. మూల కూర్చుని, పిలిచినా చెవి కదిపేది కాదు. శితికంఠం గడ్డి మార్చి చూశాడు, లేత కొత్తిమీర తెచ్చి చూశాడు. "ఇది నాకు దక్కుతుందంటావా నాయనా?" అని బాలాంబగారు అడిగిన రోజున వాడికి అన్నం సయించలేదు.

అవధానిగారు తిరిగి వస్తూనే, కాళ్ళయినా కడుక్కోకుండా గూటి ముందు చతికిలబడ్డారు. కుందేలు పొట్ట తడిమారు. "ఈ అట్ట ఎందుకు?" అన్నారు. శితికంఠం ఈసారి దాచలేదు, తలవంచుకుని ఉన్నదంతా చెప్పేశాడు. అవధానిగారు అట్ట విప్పి అవతల పారేసి పకపకా నవ్వారు.

"కుందేలు వేసేవి రెండు రకాలు నాయనా. గట్టివి నువ్వు ఊడ్చేవి. మెత్తనివి నీ చీపురు దాకా రానివ్వదు. గడ్డిలో సారం ఒక్క విడతలో దిగదు, రెండోసారి పొట్టలోకి వెళితేనే ఒంటికి పడుతుంది. నువ్వు భోజనం సగంలో విస్తరి లాగేశావు."

"నేను దాన్ని శుభ్రంగా ఉంచుతున్నాననుకున్నానండీ."

"శుభ్రంగానే ఉంచావు. ఇక బతకనివ్వు."

అట్ట తీసేశాక బూరుగు నెమ్మదిగా తేరుకుంది. గెంతులు మొదలుపెట్టింది, బాలాంబగారి చీర కుచ్చిళ్ళు కొరకడమూ మొదలుపెట్టింది. ఆవిడ కసురుకుంటూనే మురిసిపోయేవారు. ఒక తెల్లవారుజామున శితికంఠం గూటి ముందు కూర్చుని, అది రెండో భోజనం చేస్తుంటే మొహం తిప్పుకోకుండా చూశాడు. గురువుగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"మొదటిసారికే ఎందుకు ఒంటబట్టదండీ?" అని అడిగాడు వాడు.

"గడ్డి కదా నాయనా," అన్నారు అవధానిగారు. "బెల్లం ముక్కయితే ఒక్కసారికే సరిపోయేది."