పోలమ్మ కొమ్ముబూర

ఒక రాజుగారు చెవులు వినబడని ముసలివాళ్లకు, చెవిలో పెట్టుకుంటే మాటలు గట్టిగా వినిపించే కొమ్ముబూరలు ఉచితంగా ఇప్పించారు. వాటిని పంచే ఆస్థాన వైద్యుడు భీమశంకరుడు మాత్రం, "ఇవి పనిచెయ్యవు, నా దగ్గర వెండిబూర కొనుక్కోండి" అని అందరికీ అరిచి చెప్పేవాడు.

పోలమ్మకు ఉన్నది ఒక్క పాడిగేదె. దాన్ని అమ్మితేగాని వెండిబూర రాదు. ముందుగా ఉచిత బూరే చెవిలో పెట్టుకుంది.

"ఏమ్మా, వినబడుతోందా?" అన్నాడు వైద్యుడు.

పోలమ్మ పలక్కుండా వెర్రిచూపులు చూసింది.

వైద్యుడు సంబరపడి పక్కనున్న బావమరిది చెవిలో గొణిగాడు. "రెండూ ఒకే కొమ్మురా. మనదానికి పైన వెండిరేకు చుట్టాం, అంతే."

పోలమ్మ లేచి, వెనకున్న ముసలివాళ్లందరికీ వినబడేంత గట్టిగా అంది. "నా గేదెను అమ్మనయ్యగారూ! ఈ బూరలో మీ గుసగుస కూడా చక్కగా వినబడింది!"