మూడు ముద్రల చేపల పులుసు

కొల్లిపురం రాజు మల్లభూపతికి ఒకరోజు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది.

"మన సంతలో ఏది అమ్మాలన్నా మూడు ముద్రలు పడాలి. అవి ఉంచాలా, తీసేయాలా? రేపు నా భోజనం వేళకి తేల్చండి!"

తీసేయాలని ఏడాదిగా పోరుతున్నవాడు మంత్రి బాచన్న. ఉంచాలనేవాడు ముద్రల అధికారి దండపాణి. ఆయన కంటే ఆయన తలపాగా ముందు సభలోకి వచ్చేది.

అప్పుడే చేపలమ్మే నూకాలు సభలో గంప దించింది. అందరూ ముక్కు మూసుకున్నారు.

"తూకం ముద్దర మొదటి రోజు పొద్దున్నే పడింది బాబూ. రకం ముద్దర మర్నాడు పడింది. తాజా ముద్దరేసే బాబు మూడో రోజుకొచ్చి, చేప కుళ్లిపోనాది, ఎయ్యనన్నాడు! ఇంకోపాలి ఇలాగైతే పిల్లల్తో ఊరొదిలేయాల," అని కళ్లు ఒత్తుకుంది.

"అంతా ప్రజల మేలుకే ప్రభూ!" అన్నాడు దండపాణి. "నియమం అందరికీ ఒకటే. చివరికి తమరి వంటకైనా సరే!"

బాచన్న చేతులు జోడించాడు. "ఎంత బాగా చెప్పారు! రేపే మొదలుపెడదాం ప్రభూ."

దండపాణి మీసం దువ్వుకున్నాడు, పాపం.

మర్నాడు రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. నూకాలు ఆ పొద్దున తెచ్చిన తాజా చేపలతో వండిన పులుసు వంటింటి గడప దగ్గరే ఆగింది. తూకం ముద్ర పడింది. రకం చూసే ఉద్యోగి, ఇది చేపల్లోకి వస్తుందా పులుసుల్లోకి వస్తుందా అని పైవాళ్లకి లేఖ రాసి కూర్చున్నాడు. తాజా ముద్ర ఉద్యోగి అత్తారింటికి వెళ్లాడు. మిగిలిన చేపల గంపతో నూకాలు బయట బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"దండపాణీ! పులుసు వస్తుందా, నీ ఉద్యోగం ఊడుతుందా?" రాజు కేకకి స్తంభాలు అదిరాయి.

దండపాణి తానే పరుగెత్తి పులుసు గిన్నె ఎత్తుకొచ్చాడు. బాచన్న అడ్డం నిలబడ్డాడు.

"అయ్యా, ఇంకా రెండు ముద్రలు పడాలి."

"ముద్రలెందుకయ్యా! ఘుమఘుమలాడుతోంది, తెలియడం లేదూ? బాగుందో లేదో తినేవారే చూసుకుంటారు. తప్పుకో!"

బాచన్న తప్పుకుని, పక్కనున్న లేఖకుడి వైపు తిరిగాడు.

"రాసుకోవయ్యా. సరుకు బాగోగులు ఇకపై కొనేవాళ్లే చూసుకుంటారు, ముద్రలు అక్కర్లేదు. ఇట్లు, ముద్రల అధికారి దండపాణి."

మొదటి ముద్ద మింగుతున్న రాజుకి నవ్వుతో పొలమారింది. పగలబడి నవ్వుతూనే ఆజ్ఞ మీద సంతకం చేసి, మెడలోని హారం తీసి బాచన్నకు వేశాడు.

నూకాలు నవ్వడానికి కూడా ఆగలేదు. గంప ఎత్తుకుని సంతకి పరుగెత్తింది.