తెల్లగోడల లంక

అనగనగా, సముద్రం ఇంకా మనుషుల్ని పలకరించే రోజుల్లో, ఒక చిన్న లంక. దాని చుట్టూ నీళ్లలో పగడాల దిబ్బ. ఎంత కెరటమైనా దూరాన ఆ దిబ్బ మీదే విరిగి, ఒడ్డుకు పిల్లికూనలా వచ్చేది.

ఆ లంకవాళ్లకు తెల్లగోడల పిచ్చి. కుండలో గంజి లేకపోయినా గోడకు సున్నం ఉండాల్సిందే. పక్కింటి గోడ మాసిందంటే ఆ పూట అందరికీ కడుపు నిండేది.

పగడపురాయి కొట్టి, బట్టీలో కాల్చి సున్నం చేసేవాడు మసేను. గాలికి తలుపు కదిలినా పెళ్లాం వెనక్కి చేరే ధీరుడు. ఒడ్డునే గుడిసె, గుడిసెలో ఉయ్యాల, ఉయ్యాల్లో కూతురు చిట్టెమ్మ.

ఒకనాడు లంకపెద్ద జోగినాయుడు పిలిచాడు. "ఒరే మసేనూ, మా అమ్మాయి పెళ్లిరా. నా లోగిలి ఓడలవాళ్లకు కూడా తెల్లగా కనబడాలి."

మసేను లోగిలి ఎదుట ఉన్న దిబ్బ మీద గునపం వేశాడు. నీళ్లలోంచి చిలకచేప తలెత్తింది.

"ఇది రాయి కాదు మసేనూ. కోటానుకోట్ల చిన్న ప్రాణులు కట్టిన ఇల్లు. మీ ఊరికి ప్రహరీ."

మసేను గునపం పారేసి పరుగెత్తాడు. మళ్లీ గునపం కోసం తిరిగొచ్చాడు. చేప కన్నా నాయుడంటే భయం మరి.

ఆనాటి నుంచి, దూరాన గుర్రుపెట్టే సముద్రం ఎండుచేపల పందిరి దగ్గరకొచ్చి గుర్రుపెట్టసాగింది.

లోగిలి తెల్లబడ్డాక నాయుడి కంటికి కొబ్బరిచెట్లు నల్లగా కనబడ్డాయి. వాటికీ సున్నం వెయ్యమన్నాడు. మసేను మళ్లీ గునపం ఎత్తాడు.

"మా పిల్లలు దాక్కునే చోటు పోయింది. మేం వెళ్లిపోతున్నాం," అంది చిలకచేప. "మీరెక్కడికి పోతారు?"

వలలు ఖాళీగా వచ్చాయి. పులుసులో ఉప్పెక్కువైందని అత్తలు కోడళ్లను తిట్టారు. ఉప్పు బావిలోకే వచ్చిందని ఒక్కరికీ తోచలేదు. సముద్రపు హోరు ఇప్పుడు బావి దగ్గర వినబడుతోంది.

మూడోసారి, పెళ్లికొడుకు నడిచే దారికి సున్నం కావాలన్నాడు నాయుడు. మిగిలిందల్లా మసేను గుడిసె ఎదుటి దిబ్బ.

మసేను నీళ్లలో దిగాడు. ఈసారి ఏ చేపా రాలేదు. ఏదీ కదల్లేదు. తలెత్తితే, ఆకాశం అంచున కాటుకలాంటి మబ్బు. ఒడ్డున చిట్టెమ్మ ఏడుపు.

గునపం ఎత్తకుండానే లోగిలికి వెళ్లాడు.

"కొట్టను దొరా."

"ఏమన్నావ్? రేపు పొద్దున నిన్నూ నీ పెళ్లాంబిడ్డల్నీ చెక్క మీద ఎక్కించి నడిసముద్రంలోకి తోయిస్తాను!"

మసేను రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చాడు. "తోయించండి దొరా. కొడితే సముద్రమే ఇంటికొస్తుంది."

పొద్దు గూకకముందే తుపాను విరుచుకుపడింది. మసేను చిట్టెమ్మను రొమ్ముకు కట్టుకుని, పెళ్లాంతో వాకిట్లో నిలబడ్డాడు. తాటిచెట్టంత కెరటం లేచింది. పరుగెత్తడానికి చోటు లేదు. కళ్లు మూసుకున్నాడు.

దిబ్బ దగ్గర ఢామ్మని చప్పుడు. కెరటం ముక్కలైంది. నురుగు వచ్చి గడప తడిపి, వెనక్కి పోయింది.

లోగిలి ఎదుట ఆపడానికి ఏమీ లేదు. సముద్రం పిలవని పెళ్లికి వచ్చినట్టు తిన్నగా లోపలికి నడిచింది. తెల్లగోడలు పాలలా కరిగిపోయాయి.

కాసేపటికి గుడిసె తలుపు బాదిన చప్పుడు. "మసేనూ! మసేను బాబూ! తలుపు తియ్యి నాయనా!" తడిసి ముద్దయిన ఇంటిల్లిపాదితో నాయుడు.

మసేను తలుపు తీశాడు. "రండి దొరా. మా గోడలకు సున్నం లేదు. చూసీ చూడనట్టు కూర్చోండి."

ఆ తరవాత ఆ లంకలో గునపాలన్నీ పడవలకు లంగర్లయ్యాయి. గోడలు మట్టిరంగులోనే ఉండిపోయాయి. చాన్నాళ్లకు చిలకచేపలు తిరిగొచ్చాయి. పక్కింటి గోడను ఎగతాళి చెయ్యడానికి లేక జనం కొంత చిక్కిపోయారట, అంతే.

నీతి: ఇంటికి మెరుగు కోసం ఊరిని కాచే గోడ కూల్చుకుంటే, మెరుగూ మిగలదు, ఇల్లూ మిగలదు.