అద్దాల బీరువాలో చింతగింజలు

“వస్తువులు చేతికిచ్చి నేర్పితే లెక్క దానంతటదే వస్తుందన్నారు కదా మాస్టారూ. ఏడాదంతా చింతగింజలతోనూ చీపురుపుల్లలతోనూ చెప్పాను. మా పిల్లలకి ఎందుకు రాలేదు?” అని మందాకిని అడిగింది.

చిదానందం మాస్టారు ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లల మధ్యే గడిపినవారు. విరమించాక కూడా ఆదివారాలు ఆయన వసారాలో కుర్ర టీచర్లు చేరేవారు. ప్రశ్నకి కూర్చున్నచోటే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. అడిగినవాళ్ల బడికి వెళ్లి, పిల్లల వెనక చాప మీద కూర్చునేవారు. మందాకినితోనూ, “మీ బడికి వస్తానమ్మా” అన్నారు.

“అయితే రేపే రావాలి మాస్టారూ. రేపటితో ఈ ఏటి బడి ఆఖరు.”

ఆయన సరేనన్నట్టు తల ఊపారు.

మందాకిని పని తప్పించుకునే మనిషి కాదు. జొన్నవలస బడిలో చేరబోయే ముందు, సెలవులన్నీ ఇంటి నడవాలో కూర్చుని ఆమె ఆ సామగ్రి తయారుచేసింది. చింతగింజలు కడిగి, ఎండబెట్టి, సగానికి ఎరుపూ సగానికి పసుపూ వేసింది. పుల్లలు సమంగా కత్తిరించి పదేసి చొప్పున కట్టలు కట్టింది. సీసా మూతల మీద అంకెలు రాసింది. అయితే బడి తెరిచిన కొద్ది రోజులకే ఒక పిల్లవాడు గింజ ముక్కులో దోపుకున్నాడు. దాన్ని బయటికి తీసేలోపల ఆమెకి ముచ్చెమటలు పోశాయి. వాడి తల్లి వచ్చి, “సదువు సెప్పమని పంపితే ముక్కులో గింజలెట్టిస్తారా?” అని వీధి వీధంతా వినేలా అడిగింది.

ఆ తరవాత మండలంలో బోధన పరికరాల ప్రదర్శన పెట్టారు. మందాకిని పెట్టెలకి మొదటి బహుమతి వచ్చింది. “జాగ్రత్తగా ఉంచండమ్మా, పైనుంచి చూడ్డానికి వస్తారు” అన్నాడు బహుమతి ఇచ్చిన అధికారి. పైనుంచి ఎవరూ రాలేదు. పెట్టెలు మాత్రం అద్దాల బీరువాలోకి చేరాయి. పాఠం వేళ ఆమె వాటిని బల్ల మీదికి తెచ్చి, ఒక్కొక్క గింజా పైకెత్తి చూపించేది. పిల్లలు చేతులు కట్టుకుని ఒకటి, రెండు అని గొంతు చించుకునేవారు. తాను మాస్టారు చెప్పినట్టే చేస్తున్నానని ఆమె మనసారా నమ్మింది.

మర్నాడు మాస్టారు వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. పాఠం అయిపోయి పెట్టెలు మళ్లీ బీరువాలోకి చేరాక, పక్కనున్న పిల్లని దగ్గరికి పిలిచారు. పైడితల్లి అని, ఆరేళ్ల పిల్ల. ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడల్లా నోరు విప్పని ఆ పిల్లని మందాకిని మొద్దుల వరసలో ఎప్పుడో చేర్చేసింది.

“ఆ బీరువాలోంచి నాకు ఏడు గింజలు తెచ్చిపెడతావా తల్లీ?” అన్నారు మాస్టారు.

పైడితల్లి తలుపు తీసిన బీరువా ముందు నిలబడింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు గట్టిగా పట్టుకుంది. గడ్డం మెల్లగా ఆడించుకుంటూ, మూత తీసి ఉన్న పెట్టెలో గింజలు ఒక్కొక్కటే చూసింది. ఉత్త చేతులతోనే తిరిగి వచ్చింది.

“ఏడున్నాయి తాతా. ఇంకా సాలా ఉన్నాయి.”

“మరి తేలేదేం?”

“అయి సూడ్డానికే తాతా. ముట్టుకుంటే రంగు పోద్ది.”

ఆ మాట మందాకినిదే. సున్నితంగా, నవ్వుతూనే చెప్పిన మాట. మాస్టారు ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

ఆమె గబగబా వెళ్లి గింజల పెట్టె తెచ్చి, నేల మీద గుమ్మరించింది. “తీసుకోండర్రా, ఆడుకోండి, అన్నీ మీవే” అంది. పిల్లలు ముందుకి రాలేదు. గింజల మీద కాలు పడకుండా తలో అడుగు వెనక్కి వేశారు. ఒకడు బెదురుగా, “మేడమ్, పడిపోయినాయి. ఎత్తీమంటారా?” అని అడిగాడు.

మందాకిని నేల మీదే కూలబడింది. చాలాసేపటికి పైడితల్లి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. ఒక గింజని వేలికొసలతో తీసింది. టీచర్ ఏమీ అనకపోయేసరికి ఇంకొకటి తీసింది. అలా ఏడు తీసి, రెండేసి చొప్పున జతలు పెట్టుకుంటూ పోయింది. చివర ఒకటి మిగిలింది. దాన్ని అటు చేర్చి చూసింది, ఇటు చేర్చి చూసింది. ఇంకోటి తెచ్చి పక్కన పెట్టి, మళ్లీ తీసేసింది. ఉన్నట్టుండి ఆ పిల్ల ముఖం విప్పారింది.

“దీనికి జోడు నేదు మేడమ్! ఏడుకి జోడు కుదర్దు. ఎనిమిదికి కుదుర్తాది!”

ఆ గొంతు అంత పెద్దదని మందాకినికి ఆ ఏడాదంతా తెలియలేదు. తొమ్మిదికో అని అడగబోయింది. ఇంతలో గుమ్మంలోకి పిల్ల తల్లి వచ్చి నిలబడింది, నెత్తి మీద మూటతో.

“రాయే పైడీ, బస్సెల్లిపోద్ది. పనులకి బెజవాడ ఎల్లిపోతన్నాం మేడమ్. మల్లీ ఎప్పుడొస్తామో తెల్దు.”

“గింజలు పట్టుకెళ్లు తల్లీ, నీకే” అని మందాకిని ఖాళీ పెట్టె ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. పైడితల్లి తల్లి వైపు చూసింది, టీచర్ వైపు చూసింది. తరవాత తాను ముట్టుకున్న గింజలన్నీ ఒక్కొక్కటే గౌనుకి తుడిచి పెట్టెలో వేసింది. మూత బిగించి, రెండు చేతులతో టీచర్‌కి ఇచ్చేసి, తల్లి కొంగు పట్టుకుని వెళ్లిపోయింది.

గంట కొట్టారు. గది ఖాళీ అయింది. నేల మీద మిగిలిన గింజల మధ్య మందాకిని పెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మాస్టారు చాప చుట్టి గోడకి చేరవేస్తున్నారు.

“వచ్చే ఏడు ఇలా చెయ్యను మాస్టారూ” అంది, తల ఎత్తకుండా.

ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఆగారు.

“వచ్చే ఏడు వేరే పిల్లలొస్తారమ్మా” అన్నారు.