తొంభై మూడు జతల పాదాలు

విశాఖపట్నంలో హైమవతి అనే వైద్య పరిశోధకురాలు ఉండేది. ఆవిడ తెలివికి వంక పెట్టడానికి లేదు గాని, తన వ్యాసాల గురించి ఎవరెవరు రాశారో రోజూ లెక్కపెట్టుకునే పిచ్చి మాత్రం ఒకటి ఉండేది. పరిశోధకుల లోకంలో అదొక మర్యాద. ఒకరి వ్యాసం ఇంకొకరికి పనికొస్తే, తమ వ్యాసంలో ఆ పేరు ప్రస్తావిస్తారు. ప్రస్తావనలు పెరిగినకొద్దీ పేరు పెరుగుతుంది. హైమవతి పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి కంప్యూటరు తెరిచేది. నిన్నటికంటే రెండు పెరిగాయంటే ఆ రోజంతా పండగే. పాలు పొంగిపోయినా పట్టేది కాదు.

ఆమెకు అంత పేరు తెచ్చింది ఒకే ఒక్క వ్యాసం. షుగరు జబ్బు ముదిరినవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు దిగినా తెలియదు. పుండు పెరిగితే ఒక్కోసారి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని హైమవతి కొండ ఊళ్లలో నూట నలభై మంది రోగులకు వారం వారం ఫోన్లు చేయించి, పాదాలు ఎలా ఉన్నాయని అడిగించింది. నూటికి తొంభై నాలుగు మంది బాగానే ఉందన్నారు. దూరాన ఉన్నవాళ్లను ఫోనులోనే కనిపెట్టుకుని ఉండవచ్చని ఆమె రాసింది. ఆ వ్యాసాన్ని ఎనిమిది వందల పన్నెండు చోట్ల ప్రస్తావించారు. మాటలా మరి.

అది చదివిన అధికారులకు ఒక ఆలోచన వచ్చింది. ఫోను సరిపోయేటప్పుడు నర్సులు కొండలెక్కి ఇల్లిల్లూ తిరగడం దేనికి? ఆ తిరుగుడు మాన్పించి వాళ్లను వేరే పనుల్లో పెడదామనుకున్నారు. వచ్చే గురువారం సభ పెట్టి ఆ సంగతి ప్రకటిస్తారు. అదే సభలో హైమవతికి సన్మానం. ఆమె గద్వాల చీర బయటికి తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

సోమవారం నాడు పైడితల్లి ఆమె గదికి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ కొండల్లో తిరుగుతున్న నర్సు. వెంట సోములమ్మ అనే ముసలామె, ఎడమ పాదానికి కట్టుతో, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ఇద్దరూ పెద్దాసుపత్రి నుంచే వస్తున్నారు. ఒక వేలు తీసెయ్యాలని, ఇంకో పది రోజులు ఆగి ఉంటే పాదమే పోయేదని అక్కడి డాక్టర్లు చెప్పారట.

సోములమ్మ కూడా అప్పట్లో ఆ నూట నలభై మందిలో ఉంది, అప్పుడూ ఈ కాలికి పుండే, ఓసారి ఈమె కాగితాలు చూడండి మేడమ్ అని పైడితల్లి అడిగింది. హైమవతి తీసి చూసింది. పద్నాలుగు వారాలు, పద్నాలుగు ఫోన్లు. ప్రతిసారీ ఒకటే జవాబు, బాగానే ఉంది అని.

“ఈ మాట ఎవరు చెప్పారమ్మా?” అని సోములమ్మనే అడిగింది.

“నాకు ఫోనెక్కడిదమ్మా. ఆ నంబరు మా అల్లుడిది. ఆడు విజయనగరంలో మేస్త్రీ పని సేస్తాడు. మీ అత్త ఎలాగుందని ఎవరో అడిగితే, బాగుందని సెప్పడా మరి? ముక్కూ మొహం తెలీనోళ్లకి ఇంట్లో రోగాలు సెప్పుకుంటారేటి?” అంది సోములమ్మ.

హైమవతి ఆ ఫారాలను మళ్లీ తిరగేసింది. జవాబు వచ్చిందా లేదా అని రాసుకోవడానికి ఫారంలో గడి ఉంది. జవాబు చెప్పింది ఎవరని రాసుకోవడానికి గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది తనే. సిగ్గుపడాల్సిన సంగతే గాని దాచడం ఎందుకు, ఆ క్షణాన ఆమెకు ముందు గుర్తొచ్చింది ఎనిమిది వందల పన్నెండు. సోములమ్మ పాదం ఆ తర్వాతే గుర్తొచ్చింది.

“గురువారం నుంచి మమ్మల్ని వెళ్లొద్దంటే ఇలాంటి కాళ్లు చూసేవాళ్లే ఉండరు మేడమ్,” అంది పైడితల్లి వెళ్తూ వెళ్తూ.

హైమవతి సభకు మిగిలిన రెండు రోజులూ తనే అన్ని నంబర్లకూ ఫోన్లు చేసింది. మాట్లాడుతున్నది ఎవరని మాత్రం అడిగింది. కొడుకులు, అల్లుళ్లు, కిరాణా కొట్టాయన, ఒకచోట ఆటో డ్రైవరు. రోగులే ఫోను ఎత్తింది ముప్పై ఒక్క చోట్ల.

ఆ లెక్క తీసుకుని ఆమె తమ పరిశోధన సంస్థ డైరెక్టరు పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, కాస్త పిరికివాడు. సన్మానం కానిచ్చేసి, ఆరు నెలల తర్వాత తీరిగ్గా ఒక చిన్న సవరణ అచ్చు వేయించుకోవచ్చన్నాడు. ఇప్పుడే బయటపెడితే ఇన్నేళ్ల పేరూ గంగలో కలుస్తుందని భయపెట్టాడు. ఆ సలహా ఆమెకు తియ్యగానే తోచింది. ఒక పూటంతా ఊగిసలాడింది. కాని పది రోజుల్లో పాదం పోయేదన్న మాట చెవుల్లోంచి పోలేదు. ఆరు నెలల్లో ఎన్ని పది రోజులున్నాయో ఆమెకు ఒకరు చెప్పాలా?

గురువారం గద్వాల చీరే కట్టుకుని వెళ్లింది. శాలువా కప్పబోతుంటే చేత్తో ఆపి, మైకు అందుకుంది.

“నా వ్యాసం తప్పు. మేము వాళ్ల పాదాలు చూడలేదు, ఎవరో చెప్పిన మాటలు విన్నాం. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి నర్సులను ఆపకండి.”

పూర్ణచంద్రరావు తల దించుకున్నాడు. పెద్ద అధికారి ఒకాయన లేచి, అయితే ఫోను దేనికీ పనికిరాదా అని అడిగాడు. హైమవతి వెనక వరసలో కూర్చున్న పైడితల్లిని వేదిక మీదికి పిలిచింది. ఆమె బెదురు లేకుండా చెప్పింది.

“ఆ ఫోనేదో నా సంచీలో పెట్టండి బాబూ. నేను ఇంటికెళ్లి, కాలు కడిగి, ఫోనులో డాక్టరమ్మకి చూపిస్తాను. ఆవిడ చూస్తారు, నేను కట్టు కడతాను.”

ఆ రోజు సన్మానం ఆగింది గాని, నర్సుల తిరుగుడు ఆగలేదు. వ్యాసం తీసేశారు. తోటివాళ్లలో కొందరు మొహం మీదే నవ్వారు. హైమవతి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు చెప్పులు తొడుక్కుని పైడితల్లి వెంట కొండెక్కింది.

ఏడాది గడిచింది. అంతకుముందు ఏడాది ఆ ఊళ్లలో ఆరుగురికి కాళ్లు తీసేశారు. ఈ ఏడాది ఒక్కరికీ తియ్యలేదు. జిల్లా అంతా అదే పద్ధతి పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. కొత్త వ్యాసం అచ్చయింది. అందులో మొదటి పేరు పైడితల్లిది.

ఈసారి సభ కొండ మీది ఆరోగ్య కేంద్రంలోనే పెట్టారు. శాలువా పైడితల్లికి కప్పారు. అప్పుడు కూడా ఆమె కన్ను గుమ్మం మీదే ఉంది. ఎవరైనా చెప్పులు విడిచి లోపలికి రాబోతే వేదిక మీద నుంచే కసురుతోంది, తొడుక్కునే రండి, మళ్లీ ముల్లు గుచ్చుకోవాలా అని. సోములమ్మ తొమ్మిది వేళ్లతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కొత్త చెప్పులు టపటపలాడిస్తూ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

కొత్త వ్యాసాన్ని ఎంతమంది ప్రస్తావించారు మేడమ్ అని పైడితల్లి మెల్లిగా అడిగింది. చూడనేలేదని హైమవతి నవ్వింది. అయినా లెక్కపెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది? వచ్చి కూర్చున్న రోగుల పాదాలు లెక్కపెట్టింది. తొంభై మూడు జతలు. ఇంత పెద్ద సంఖ్య తన జీవితంలో ఎప్పుడూ చూడలేదనిపించి, ఆమెకు ఆనందంతో కళ్లు నిండాయి.

నీతి: మనకు పేరు తెచ్చిన పనిలోనే తప్పు కనబడితే, పేరు పోయినా సరే నలుగురిలో ఒప్పుకుని దిద్దుకోవాలి, అసలైన గెలుపు అదే.